నల్లపట్టీ తగాదా

శని గ్రహం చుట్టూ తిరిగే నౌక నుంచి వచ్చే సమాచారంలో వలయాల సంగతి చూసే బృందానికి ఆవిడ పెద్ద. అందుకని ఆఫీసులో అందరూ ఆవిడను రింగులమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. తెలిసినా పట్టించుకునే తీరిక లేదు. ఉన్న కోపమంతా ఒక్క మనిషికే చాలడం లేదు మరి.

ఆ మనిషి కెమెరా బృందానికి పెద్ద. నెరిసిన గడ్డం, వదులు చొక్కా, అవతలివాళ్లు ఒంటికాలి మీద లేస్తున్నా నింపాదిగా నవ్వే రకం. అంతవరకే అయితే ఎలాగో సర్దుకునేది. ఆయన ఆవిడ సొంత అక్క మొగుడు. ఒకప్పుడు ఆయన్ని ఇంటికి తీసుకొచ్చి అక్కకి పరిచయం చేసింది కూడా తనే. ఇప్పుడు అక్కా బావా కింది అంతస్తులో ఉంటారు, ఆవిడ పై అంతస్తులో. పొద్దున ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కాఫీ తాగుతారు. వదినలూ తోడికోడళ్లూ లేని ఇంట్లో ఆ లోటంతా శనే తీరుస్తోందని అక్క అంటుంది. అక్క బడిలో లెక్కల టీచరు. ఆ గ్రహం పేరెత్తితే చాలు, చెవులు మూసేసుకుని పిల్లల పరీక్ష పేపర్లు దగ్గరికి లాక్కుంటుంది.

ఆ ఇద్దరి తగాదా ఒక నల్లపట్టీ గురించి. లోపలి వలయంలో, మంచు ముక్కలు మెరుస్తూ తిరిగే చోట, మధ్యలో గీత గీసినట్టు సన్నటి నల్లపట్టీ ఒకటి ఉంది. అది ఖాళీ జాగా అని బావ వాదన. కంటికి ఆనని బుల్లి చంద్రుడొకడు అక్కడ తిరుగుతూ తన దారి తాను ఊడ్చుకున్నాడంటాడు. కాదు, అక్కడ కూడా రేణువులు కిక్కిరిసి ఉన్నాయి, కాకపోతే మసిలాంటివి, వెలుతురును తిప్పికొట్టవు, అందుకే నల్లగా కనిపిస్తోంది అని రింగులమ్మ వాదన. చుట్టుపక్కల మంచులో ఏదో ఎర్రటి మురికి కలిసి ఉందని ఆవిడ పరికరం చెప్పనే చెప్పింది. ఆ మురికి చిక్కబడిన చోటే నల్లపట్టీ అని ఏళ్ల తరబడి వ్యాసాలు రాసింది, పాఠాలు చెప్పింది, సభల్లో గొంతు చించుకుంది.

ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చే అవకాశం ఇప్పుడొచ్చింది. ఒక పెద్ద ఎర్ర నక్షత్రం, నౌక నుంచి చూస్తే, ఆ వలయం వెనకగా సాగిపోబోతోంది. నౌక కదలకుండా ఆ నక్షత్రాన్నే చూస్తూ ఉండాలి. వలయం అడ్డొచ్చిన కొద్దీ నక్షత్రం మసకబారుతుంది, సందు దొరికిన చోట వెలుగుతుంది. ఆ మినుకుల్ని బట్టి ఎక్కడ ఎంత దట్టంగా ఉందో గీత గీసుకోవచ్చు. ఇలాంటి కోణంలో ఆ నక్షత్రం మళ్లీ దొరకదు. నౌకలో ఇంధనం అడుగంటింది.

చిక్కల్లా ఏమిటంటే ఆ నౌక మెడ తిరగని మనిషి లాంటిది. పరికరాలన్నీ దాని ఒంటికి బిగించి ఉంటాయి. ఒకవైపు చూడాలంటే ఒళ్లంతా అటు తిరగాలి. రింగులమ్మ నక్షత్రాన్ని చూడాలన్న గంటల్లోనే బావ వలయాల మీదుగా కెమెరా తిప్పి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే పెద్ద ఫోటో తీయాలన్నాడు.

నౌక సమయాన్ని బృందాలకు పంచేది టైంటేబుల్ మేడం. అందరి అరుపులూ విని విని ఆవిడకు ఎవరి మీదా ప్రేమ మిగల్లేదు. ఆ రోజు మీటింగులో పొడుగాటి బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు.

"డాక్టరు గారికి మనవి. నక్షత్రం మినుకులు జనానికి అర్థం కావు. ఫోటో అయితే అందరికీ అర్థమవుతుంది." అన్నాడు బావ. ఆఫీసులో ఆవిడను ఆయన 'మీరు' అంటాడు. ఆ 'మీరు' వినగానే ఆవిడకు ఒళ్లు మండుతుంది.

"అయ్యా, ఖాళీ గది ఫోటోలో నల్లగానే ఉంటుంది. బొగ్గులు నింపిన గదీ నల్లగానే ఉంటుంది. మీ ఫోటోతో ఏం తేలుస్తారు?"

"తేల్చాల్సింది ఏముందండీ? ఖాళీ అని ఎప్పుడో చెప్పాను కదా."

"చెప్పారు. చూపించలేదు. చూపిస్తారేమోనని నా జుట్టు నెరిసిపోయింది."

"నాదీ నెరిసింది. మీవల్లే."

టైంటేబుల్ మేడం పెన్ను బల్ల మీద పడేసింది. "నా ప్రాణం తీయకండి. మీ ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోండి. ఈ చుట్టులో నక్షత్రం. వచ్చే చుట్టులో ఫోటో. ఇంకొక్క మాట మాట్లాడితే రెండూ తీసేసి అయస్కాంతం వాళ్లకిస్తాను."

శని అయస్కాంతశక్తిని కొలిచే బృందాన్ని ఆఫీసులో అలాగే అంటారు. బల్ల చివరనున్న ఆ అయస్కాంతం వాళ్లు ఆశగా తలెత్తారు. రింగులమ్మ, బావ ఒక్కసారే నోరు మూసుకున్నారు.

అనుకున్న రోజున నౌక నక్షత్రం వైపు తిరిగింది. చూడాల్సిందంతా చూసి రికార్డరులో దాచుకుంది. తర్వాత యాంటెన్నా భూమి వైపు తిప్పి, దాచిందంతా పంపడం మొదలుపెట్టింది. రింగులమ్మ తన గదిలో తెర ముందు కూర్చుని, లోపల్నుంచి బయటికి, మెట్టు మెట్టుగా పెరుగుతున్న గీతను కళ్లతోనే తాగుతోంది. వలయం లోపలి అంచు వచ్చింది. దట్టమైన భాగం వచ్చింది. ఇంక నల్లపట్టీ మొదలవ్వాలి. గీత ఆగిపోయింది. తెర మీద తెల్లటి జాగా. కాసేపటికి గీత మళ్లీ మొదలైంది. అప్పటికి నల్లపట్టీ దాటిపోయింది.

ఆవిడ ఫోన్ అందుకుని, సముద్రం అవతల పెద్ద యాంటెన్నా దగ్గర పనిచేసే ఆయనకు చేసింది.

"ఏమైందండీ? మధ్యలో ముక్క లేదు!"

"ఇక్కడ ఆకాశానికి చిల్లు పడ్డట్టు వర్షం మేడం. కాసేపు సిగ్నలే అందలేదు. ఇప్పుడు తెరిపిచ్చింది."

"ఆ కాసేపే ఎందుకు కురవాలండీ వర్షం? ముందు కురవకూడదా? వెనక కురవకూడదా?"

"అది నా చేతుల్లో లేదు కదా మేడం." అన్నాడాయన పాపం, నిజంగా నొచ్చుకుంటూ.

ఫోన్ పెట్టేసి ఆవిడ కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లు కాచుకున్నది ఆ ఒక్క ముక్క కోసం. వచ్చిందంతా వచ్చింది, అది తప్ప. దీన్ని శని పట్టడం అనక ఇంకేమంటారో ఆవిడకు తోచలేదు.

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఆ ముక్క ఇంకా నౌక రికార్డరులో ఉంది. మళ్లీ పంపమంటే పంపుతుంది. కానీ తర్వాతి చుట్టు బావది. ఆయన ఫోటోలు తీస్తే, అవి రికార్డరులో పాతవాటి మీదే ఎక్కి కూర్చుంటాయి. నక్షత్రం ముక్క చెరిగిపోతుంది. ముక్క కావాలంటే బావ ఆ చుట్టులో ఫోటో మానుకోవాలి. ఆ తర్వాత మిగిలేది ఒకే ఒక్క చుట్టు. మంచులోని ఎర్ర మురికి సంగతి తేల్చుకోడానికని దాని మీదా రింగులమ్మ బృందం పేరే ఉంది.

అంటే బావను అడగాలి. బతిమాలాలి. ఆ మాట తలచుకుంటేనే ఆవిడకు నోరు చేదయింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి కింద వంటింట్లో నేలంతా నీళ్లు. బావ సింకు కింద వెల్లకిలా పడుకుని పైపు బిగిస్తున్నాడు. కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. అక్క బల్ల దగ్గర కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని పేపర్లు దిద్దుకుంటోంది.

"ఎవరదీ, మరదలేనా? ఆ పానా ఇటు అందుకో." అన్నాడు బావ లోపల్నుంచి.

ఆవిడ పానా అందించింది.

"ఇది కాదు, పెద్దది."

పెద్దది ఇచ్చింది. "బావా, నీతో ఒక మాట చెప్పాలి."

"టార్చి పట్టుకుని చెప్పు. ఏమీ కనిపించట్లేదు ఇక్కడ."

ఆవిడ తడి నేల మీద గొంతుక్కూర్చుని టార్చి పట్టుకుంది. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. "వర్షం సంగతి విన్నావుగా?"

"ఏ వర్షం? ఇక్కడా? బట్టలు ఆరేసి ఉన్నాయే!"

"బావా!"

"సరే, విన్నాను. అయితే?"

"అయితే ఏముంది... నీ ఫోటో వచ్చే చుట్టుకి మానుకుంటే నా ముక్క మళ్లీ తెప్పించుకోవచ్చు."

బావ పైపును ఇంకో మర బిగించాడు. "అడగడం అంటే ఇలాగేనా? 'బావా, దయచేసి' అని కదా మొదలుపెట్టాలి?"

"అక్కా, చూశావా ఈయన్ని?"

"నేను చూడను. నా పేపర్లు నాకున్నాయి." అంది అక్క తలెత్తకుండా.

రింగులమ్మ పళ్లు బిగబట్టింది. "బావా. దయచేసి."

"ఇంకొంచెం నెమ్మదిగా. గౌరవంగా."

"బావా, దయచేసి ఆ చుట్టు నాకు వదిలెయ్యి. నీకు పుణ్యముంటుంది." అంది. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

"ఖాళీ అని తేలితే?"

"తేలదు."

"తేలితే?"

"తేలితే అందరి ముందూ నిలబడి నువ్వన్నదే నిజమని చెప్తాను. చాలా?"

"ఆలోచిస్తాను." అన్నాడు బావ. "టార్చి కొంచెం ఎడమకి పట్టు. ఆ తర్వాత కాస్త ఆ నేల తుడిచెయ్యి తల్లీ, మీ అక్క జారిపడుతుంది."

ఆవిడ నేల తుడిచింది. గుడ్డ బకెట్లో పిండి పడేసి పైకి వెళ్లిపోయింది. ఆ రోజు భోజనానికి కిందికి దిగలేదు. పైన తన గదిలో అటూ ఇటూ తిరుగుతూ, బావ కాదంటే ఎవరి దగ్గరికి వెళ్లాలా, ఎవరి కాళ్లు పట్టుకోవాలా అని లెక్కలేసుకుంది.

పొద్దున్నే ఆఫీసుకు వెళ్లగానే టైంటేబుల్ మేడం గదిలోకి దూసుకుపోయింది. "కెమెరా వాళ్లు ఒప్పుకునేట్టు లేరు. పై అధికారులకు మీరే ఒక మాట చెప్పాలి."

మేడం విచిత్రంగా చూసింది. "ఏం ఒప్పుకోవాలి? ఆయన ఆ చుట్టు వదులుకున్నట్టు నిన్న మధ్యాహ్నమే మెసేజ్ పెట్టారుగా. వర్షం సంగతి తెలిసిన కాసేపటికే. నౌకకు ఆదేశాలు కూడా తయారైపోయాయి. మీకు చెప్పలేదా?"

"మధ్యాహ్నమా?"

"మధ్యాహ్నమే. ఒకే ఇంట్లో ఉంటారు కదా, మాట్లాడుకోరా మీరు?"

మధ్యాహ్నమే వదిలేసిన మనిషి సాయంత్రం తన చేత టార్చి పట్టించాడు, బతిమాలించుకున్నాడు, నేల తుడిపించాడు. ఆవిడ వసారా ఆ చివరున్న కెమెరా వాళ్ల గదికి వెళ్లింది. తలుపు తీసేసరికి బావ బిస్కెట్టు టీలో ముంచుతున్నాడు.

"నువ్వు మనిషివేనా?" అంది. ఆఫీసని కూడా చూడలేదు.

"నేలైతే భలే మెరిసిపోతోంది." అన్నాడు బావ. బిస్కెట్టు టీలో విరిగి పడిపోయింది. ఆయన స్పూను కోసం వెతుక్కున్నాడు. ఆవిడ తలుపు ధడాలున వేసి వచ్చేసింది. ఏడవాలో, తిట్టాలో, ఏ ముఖం పెట్టుకుని కృతజ్ఞతలు చెప్పాలో తెలియక తన గదిలో చాలాసేపు కుర్చీ చేతులు పిసుకుతూ కూర్చుంది.

ముక్క వచ్చింది. ఈసారి వర్షం లేదు.

తెల్లటి జాగాలోకి గీత ప్రవేశించింది. దట్టమైన వలయం దాకా కింద పాకుతూ వచ్చిన గీత, నల్లపట్టీ మొదలయ్యే చోట గోడ ఎక్కినట్టు నిటారుగా పైకి లేచింది. పైనే ఉండిపోయింది. నక్షత్రం ఏ అడ్డూ లేకుండా నిండుగా వెలిగింది. పట్టీ అయిపోయిన చోట గీత మళ్లీ కిందికి దూకింది. మధ్యలో మసి లేదు, మురికి లేదు. పట్టీ ఖాళీ.

ఆవిడ నమ్మలేదు. పరికరం తప్పు చూపిందేమోనని సరిచూసింది. నౌక పక్కకు జరిగిందేమోనని చూసింది. లెక్కలు మళ్లీ వేసింది, తన బృందం చేత వేయించింది, వాళ్ల ప్రాణాలు తోడింది. ఎన్నిసార్లు వేసినా అంతే. పైగా పట్టీకి రెండువైపులా ఉన్న మంచు చుట్టుపక్కల మంచు కన్నా శుభ్రంగా ఉందని వర్ణాల లెక్క చెబుతోంది. ఎవరో పక్కనుంచి కెలికి లోపలి తాజా మంచు బయటికి తీసినట్టుగా. అంటే చంద్రుడు కూడా ఉండే ఉంటాడు. ఇన్నేళ్లు తను చెప్పింది తప్పు, బావ చెప్పింది ఒప్పు. తప్పవడం కన్నా, అది బావ ముందు అవడం ఆవిడకు ఎక్కువ బాధ.

అయినా మాటంటే మాటే. వారం మీటింగులో లేచి నిలబడింది.

"నల్లపట్టీ ఖాళీ. నేను అన్నది తప్పు. కెమెరా బృందం వాళ్లు మొదట్నుంచీ చెప్పిందే నిజం." అని గబగబా చెప్పి, గీత చూపించి కూర్చుంది.

అందరూ బావ వైపు తిరిగారు. ఆయన నవ్వుతాడని, పాత వ్యాసాలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేస్తాడని ఆవిడ గుండె దిటవు చేసుకుంది. ఆయన నవ్వలేదు. మొదటిసారి ఆయన ముఖం చిరాగ్గా ఉంది.

"ఖాళీ అయితే ఏం లాభమండీ? చంద్రుడేడీ? వాడు కనిపిస్తాడనే కదా నేను ఆ ఫోటో అడిగింది. ఆ చుట్టు కాస్తా మీ ముక్కకి పోయింది. వాడు ఉన్నాడని నేనంటాను, ఏడీ అని జనం అంటారు. ఇంక ఈ జన్మలో చూపించలేను."

రింగులమ్మ తలొంచుకుని తెర మీది గీతనే చూస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది. అలా చూస్తూ ఉండగా, గీత నిటారుగా లేచే ముందు, అంచు దగ్గర, సన్నగా ఏవో ఎగుడుదిగుళ్లు కనిపించాయి. లెక్క సరిచూసినన్ని రోజులూ ఆవిడ వాటిని పరికరం వణుకని కొట్టిపారేసింది. ఇప్పుడు దగ్గరికి లాగి చూసింది. వణుకు కాదు. అలలు. ఒకదాని వెనక ఒకటి, వరసగా.

మీటింగు మధ్యలోనే లేచి తన గదికి వెళ్లిపోయింది. అలిగిందనుకున్నారు అందరూ.

చెరువులో పడవ వెళితే వెనక అలలు లేచినట్టే, చంద్రుడు పక్కనుంచి వెళ్లిన చోట వలయం అంచున కూడా అలలు లేస్తాయి. చంద్రుడు దూరమైన కొద్దీ అవి ముడుచుకుని దగ్గర దగ్గరగా అవుతాయి. కాబట్టి అలల ఎడాన్ని కొలిస్తే, చంద్రుడు అక్కణ్నుంచి ఎంత దూరం వెళ్లాడో చెప్పొచ్చు. ఆవిడ కొలిచింది. సాయంత్రానికి చంద్రుడు ఎక్కడున్నాడో కాగితం మీద గుండ్రంగా చుట్టి, కెమెరా వాళ్ల గదికి వెళ్లి, బావ ముందు పెట్టింది.

"ఇక్కడున్నాడు నీ చంద్రుడు. నా చివరి చుట్టు తీసుకో. వెళ్లి ఫోటో తీసుకో."

బావ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "చివరి చుట్టులో మురికి సంగతి తేల్చుకుంటానన్నావుగా?"

"తేల్చుకుంటానన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. తీసుకుంటావా, లేదా?"

"ఇంత చిన్న చోటా? కెమెరా అంగుళం పక్కకి జరిగితే పోయినట్టే. నీ అలలు తప్పయితే?"

"అదిగో! ఇచ్చినా ఏడుపేనా? తీసుకున్నాక సణుగు."

ఆ మర్నాటి నుంచి ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నారు. కెమెరా ఎటు తిప్పాలో ఆవిడ చెప్పేది, అటు కాదని ఆయన అనేవాడు. సూర్యుడి వెలుతురు ఏ వైపు నుంచి పడుతుందో ఆయన చెప్పేవాడు, అలా అయితే అంచు నీడలో పడుతుందని ఆవిడ అరిచేది. నల్లబల్ల మీద ఒకరు గీసింది ఇంకొకరు చెరిపేవారు. వసారాలో వెళ్లేవాళ్లు ఆ తలుపు ముందు అడుగు వేగం పెంచేవారు. టైంటేబుల్ మేడం ఒకసారి తలుపు తీసి, ఇద్దర్నీ చూసి, ఏమీ అనకుండా మూసేసి వెళ్లిపోయింది. ఇంటి దగ్గర అక్క, ఇద్దరికీ అన్నం పెట్టేసి, కంచం తీసుకుని వరండాలోకి వెళ్లి తినడం మొదలుపెట్టింది.

ఫోటో పట్టపగలు వచ్చింది. పొద్దుటి నుంచి బావ టీ తాగలేదు. నల్లపట్టీ తెర మీద అడ్డంగా పరుచుకుంది. అంతా నలుపే. బావ వెలుతురు పెంచాడు. పట్టీ మధ్యలో, ఆవిడ చుట్టిన గుండ్రానికి కాస్త పక్కగా, తెల్లటి నలక లాంటిదొకటి కనిపించింది. నౌక వణికినందువల్ల అది కొంచెం సాగి, చెదిరిన ముగ్గుచుక్కలా ఉంది.

"తెర మీద దుమ్మేమో." అని ఆవిడ చీర చెంగుతో తుడిచింది. పోలేదు. తర్వాతి ఫోటోలో అది పట్టీ వెంబడే కాస్త ముందుకు జరిగి ఉంది. ఆ తర్వాతి దాంట్లో ఇంకాస్త.

"వాడే." అన్నాడు బావ. వెంటనే దగ్గి సర్దుకుని, "ఇంత మసగ్గానా? ఇన్నేళ్లు ఎదురుచూస్తే ఇలాగా కనిపించేది?" అన్నాడు.

"కనిపించాడు కదా! ఇంకేం కావాలి నీకు, పేరు పెట్టి పిలిస్తే పలకాలా?"

"గుండ్రంగా ఉన్నాడో పొడుగ్గా ఉన్నాడో కూడా తెలియట్లేదు. నువ్వు ఇంకొంచెం సరిగ్గా కొలిచి ఉంటే వాడు నడిమధ్యలో పడేవాడు."

ఆవిడ కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఏదో పెద్ద మాట అనబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, ఆ నీళ్లతోనే ఆ నలకను చూసుకుంటున్నాడు. ఆవిడ తన బృందాన్నీ కెమెరా వాళ్లనూ పిలుచుకొచ్చింది. గది నిండిపోయింది. అయస్కాంతం వాళ్లు కూడా వచ్చి చప్పట్లు కొట్టారు. చూస్తూ చూస్తూ ఉండగా టైంటేబుల్ మేడం వచ్చి, ఈ గది వేరేవాళ్లకు రాసి ఉంది, బయటికి నడవండి అని అందర్నీ తరిమేసింది.

ఇంటికి ఇద్దరూ ఒకే కారులో వచ్చారు. బావ నడుపుతున్నాడు. దారి పొడుగునా కార్లు బారులు తీరి ఉన్నాయి, ముందుకు కదలడం లేదు. బావ హారను కొట్టాడు, విసుక్కున్నాడు, రేడియో పెట్టి ఆపేశాడు. కాసేపటికి ఆవిడ వైపు చూడకుండానే అడిగాడు:

"ఆ అలల ఎడం ఎలా కొలిచావో మొదట్నుంచీ ఒకసారి చెప్పు. నాకు సరిగ్గా ఎక్కలేదు."

ఇన్నేళ్లలో ఆయన ఆవిడను ఏదైనా నేర్పమని అడగడం అదే మొదలు. మీటింగులో ఏళ్ల తరబడి గొంతు చించుకున్నా చెవిన పెట్టని మనిషి, ట్రాఫిక్ మధ్యలో, తలనొప్పి మొదలైన వేళ అడుగుతున్నాడు.

"ఇవాళ నాకు ఓపిక లేదు బావా. రేపు చెప్తాను." అంది.

ముందు కారు కదిలి మళ్లీ ఆగింది. ఆవిడ నిట్టూర్చి, సంచీలోంచి పెన్ను తీసి, పార్కింగు రసీదు వెనక వలయం అంచు గీయడం మొదలుపెట్టింది.

"ఇటు చూడు. కాదు, దారి చూసి నడుపు. చెప్తాను, విను."